మూడో పేజీలో నా చేతిరాత

పాతికేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా కాస్త గొప్పకే. బరువు మోసేవాడు ఎక్కడో ఒకచోట దించుతాడు. నేను దించలేదు, దానితోనే ఉద్యోగానికి వెళ్లాను, పెళ్లి చేసుకున్నాను, బొజ్జ పెంచాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక.

వాసు మా పిన్ని కొడుకు. నాకంటే రెండేళ్లు చిన్న. తొంభైల చివర్లో ఇద్దరం ఏలూరు నుంచి వచ్చి మాదాపూర్‌లో గది అద్దెకు తీసుకున్నాం. అప్పటికి అక్కడ బండరాళ్లు ఎక్కువ, భవిష్యత్తు తక్కువ. రాళ్ల మధ్య ఒక పెద్ద అద్దాల భవనం లేస్తుంటే బయోడేటాలు పట్టుకుని దాని గేటు దగ్గర తిరిగేవాళ్లం. ఉద్యోగం రాలేదు గానీ, వాచ్‌మన్ మమ్మల్ని పేరు పెట్టి పిలిచేదాకా ఎదిగాం. వాసు నాకంటే తెలివైనవాడు. కాగితం మీద నేను రోజంతా కుస్తీపట్టిన ప్రోగ్రాంలో తప్పెక్కడుందో, వాడు పళ్లు తోముకుంటూ నా భుజం మీదుగా చూసి చెప్పేవాడు.

మాకొక పాత స్కూటరు, ఒకే ఒక హెల్మెట్ ఉండేవి. నడిపేవాడే హెల్మెట్ పెట్టుకోవాలన్నది మా రాజ్యాంగం.

ఒక మధ్యాహ్నం గచ్చిబౌలి వైపు నుంచి వస్తూ పడ్డాం. రోడ్డు పక్కన రాళ్లు కొట్టే ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. "ఏంది బిడ్డా, గిట్ల పడ్డరు? జర ఆ పిలగాని తల పట్టు" అంటూ ఆటో ఆపి ఎక్కించాడు. నా తలకు హెల్మెట్ ఉంది. వాసు తల నా ఒళ్లో ఉంది. నడిపింది నేను.

మర్నాడు పిన్ని వచ్చింది. ఆస్పత్రి వరండాలో, కట్టు కట్టిన నా చెయ్యి చూస్తూ, బండి ఎవరు నడిపారని అడిగింది. వాడేనన్నాను. ఎందుకన్నాను? భయమని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. భయమే. కానీ దాని అడుగున ఇంకొకటుంది, రాయడానికి చెయ్యి రావడం లేదు. వాడు లేవడం కష్టమన్నారు డాక్టర్లు. లేవనివాడు కాదనడు గదా అని నాలో ఎవడో ఆలోచించాడు. ఎవడో కాదు. నేనే.

పిన్ని తెలివితక్కువది కాదు. మరి హెల్మెట్ నీకెందుకుందని అడిగింది. వాడే తీసి నాకిచ్చాడన్నాను. "నా బంగారం అంతే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

వాసు లేచాడు. కుడికాలు ఈడుస్తూ నడిచాడు. చిన్నప్పటివన్నీ గుర్తున్నాయి. ప్రమాదం గుర్తులేదు. కొత్త సంగతులేవీ రాత్రి దాటి నిలిచేవి కావు. పిన్ని మాతోనే ఉండిపోయింది. పొద్దున్నే వాడు చదువుకోవడానికి ఒక నోటుపుస్తకం రాసిపెట్టమన్నాడు డాక్టరు: ఇది ఏ ఇల్లు, తనకేమైంది, తల మీద ఆ కుట్లేమిటి. మొదటి రెండు పేజీలూ పిన్ని రాసింది. మూడోది నాకిచ్చింది, అక్కడున్నది నువ్వే గదా అని. రాశాను. గుండ్రటి అక్షరాలతో, వాడికి సులువుగా ఉండేలా. బండి నువ్వే నడిపావు. హెల్మెట్ అన్నయ్యకిచ్చావు. అన్నయ్య చెయ్యి విరిగింది, ఇప్పుడు బాగుంది.

ఆ చివరి మాట దయతో రాశాననుకున్నాను.

ఇక ప్రతి ఉదయం మూడో పేజీ కాగానే లేచి, నేను గడ్డం గీసుకుంటున్నా, ఇడ్లీ తింటున్నా, వచ్చి నా ఎడమ మణికట్టు పట్టుకునేవాడు. "సారీ అన్నయ్యా, చూసుకోలేదు." పర్లేదురా అనేవాణ్ణి. ప్రతి ఉదయం వాడికది మొదటిసారి. ప్రతి ఉదయం నేను వాణ్ణి క్షమించాను. దాదాపు రెండేళ్లు. జీవితంలో ఇంకే పనీ అంత క్రమం తప్పకుండా చెయ్యలేదు.

ఈలోగా నాకు ఉద్యోగం దొరికింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలుండేవి. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని వాటిని నాలుగంకెలుగా సరిదిద్దడం మా పని. ఎప్పుడూ చూడని దేశాలవాళ్ల తప్పులు రోజుకు వందల వరుసలు దిద్దేవాణ్ణి. సాయంత్రం ఇంటికొచ్చేవాణ్ణి.

ఒక ఆదివారం పొద్దున ఇక తట్టుకోలేకపోయాను.

"ఒరేయ్, నడిపింది నువ్వు కాదు. నేను."

వాసు నవ్వాడు. "ఊరుకో అన్నయ్యా, పొద్దున్నే మొదలెట్టావా?"

"జోకు కాదురా."

పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడలా లేదే. ఈ అక్షరాలు నీవే కదా?"

"నావే."

"తప్పయితే మరి దిద్దెయ్." జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. "దిద్దకపోతే రేపు నాకు తెలీదుగా."

వంటింట్లోంచి పిన్ని కేకేసింది. "ఏంట్రా ఇద్దరూ గుసగుసలు? కాఫీ చల్లారిపోతోంది!"

ఆ పేజీ ఆమె కూడా రోజూ వాడితోపాటు చదివేది. హెల్మెట్ మాట దగ్గర వాడి తల నిమిరేది. ఆమెకు మిగిలింది ఆ ఒక్క మాటే, దాన్నెలా కొట్టెయ్యను అనుకున్నాను. నిజంగా అదేనా కారణం, లేక పనికొచ్చే కారణమొకటి సమయానికి దొరికిందా? ఇప్పటికీ తేల్చుకోలేదు. జోకేలేరా అన్నాను. పెన్ను తిరిగిచ్చాను.

మర్నాడు పొద్దున వచ్చి సారీ చెప్పాడు.

ఆ తర్వాతి వానాకాలంలో వాసు ఫిట్స్ వచ్చి పోయాడు. అప్పటికి వాడికి ఇరవై నాలుగేళ్లు. పిన్ని ఇప్పుడు నల్లగండ్లలో కూతురి దగ్గర ఉంటోంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ హెల్మెట్ సంగతి చెబుతుంది. నేనుంటే, అడగండి వీణ్ణి, అంటుంది. తలూపుతాను. చెప్పకపోవడం ఆమె మీద ప్రేమా, నా పాత పిరికితనమే ఇస్త్రీ చొక్కా తొడుక్కుందా? చెబితే వాసుకు ఒరిగేదేమీ లేదు. చెప్పకపోతే ఆమె దగ్గరున్న కొడుకు సగం నేను కల్పించినవాడు. రెండూ నిజమే. మధ్యలో నేను పెరుగన్నం తిని వస్తుంటాను.

బండి పడిన ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో మాత్రం ఎవరికీ, ఆ ఆదివారం వాసుకు కూడా చెప్పలేదు. దారి ఖాళీగా ఉంది. ఎదురుగా లారీ లేదు, గేదె లేదు. పెద్ద వేగం కూడా లేదు. నేనొక జోకు వేశాను. ఏం జోకో గుర్తులేదు. ఇంజను చప్పుడులో వాడు నవ్వాడో లేదో వినబడలేదు. తెలుసుకోవాలనిపించి వెనక్కి తిరిగాను.

నవ్వుతున్నాడు.

ఇది ఇన్నేళ్లూ నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.