నరసింగరావు గుమ్మటంలో పగులు

నరసింగరావుకి మనుషుల మొహాలు గుర్తుండవు, ఇంటి కప్పులు గుర్తుంటాయి. ఎవరి సంగతి ఎత్తినా "ఎవుడు, ఆ రేకుల షెడ్డోడేనా?" అంటాడు. వియ్యంకుడి పేరు అడిగితే తడుముకుంటాడు గానీ, ఆయన ఇంటి పోర్టికో ఎప్పటికైనా ముందుకి ఒరిగిపోతుందని పెళ్ళిపందిట్లోనే, పదిమందీ వినేలా చెప్పాడు. కొడుకు పెళ్ళి, శుభమా అని! ఆ నోటికి వేళాపాళా లేదు.

ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉంటుంది వాళ్ళ ఊరు. వరీ పెసలూ పండించుకునే ఇంట్లో పుట్టి, నాగలి పట్టడం నామోషీ అనుకుని తాపీ పట్టాడు. ఆమదాలవలసలో రైలెక్కి, పని ఎక్కడుంటే అక్కడికి ముఠాని తోలుకుపోయేవాడు. ఏడాదికోసారి ఇంటికొచ్చి, పెళ్ళాం తవిటమ్మ వండినదానికి వంకలు పెట్టి, టీ బడ్డీ దగ్గర కూర్చుని పాఠం మొదలెట్టేవాడు.

"హౌరా బ్రిడ్జి సూసినారేట్రా? నదిలో ఒక్క స్తంభం లేదు. ఇటో సెయ్యి, అటో సెయ్యి సాపి మద్దిలో బ్రిడ్జిని ఎత్తి పట్టుకున్నాయి. చార్మినారుకి కమాన్లు. బరువుని పక్కలకి తోసీసి నిలబడతాయి. ఐదరాబాదులో తీగల వంతెన సూడండి, ఆ తీగల్ని పట్టుకుని ఏలాడతాది. మీయీ ఇళ్ళేనా? నాలుగు స్తంభాలు పాతీసి పైన స్లాబు పరిసీడం. పశువులపాక ఎయ్యడానికీ దీనికీ తేడా ఏటి?"

"మరన్నిట్లోకీ ఏది గొప్పది మావా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. అడగకపోతే వదలడు కదా.

"బీజాపూరు గోల్ గుంబజ్. అంత గుమ్మటం! కింద ఒక్క స్తంభం ఉంటే నా సెవి కోసుకో."

ఇక్కడివరకే చెప్పేవాడు. అక్కడ తనకేం జరిగిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

బీజాపూరులో ఏదో అపార్టుమెంటు పనికి పోయినప్పుడు, సెలవు రోజున ముఠాని వెంటబెట్టుకుని ఆ గుమ్మటం చూడ్డానికి వెళ్ళాడు. మెట్లెక్కి పైకి పోతే గుమ్మటం లోపల చుట్టూ వసారా. ఇటు గోడకి చెవి ఆనిస్తే, అటు గోడ దగ్గర గుసగుసలాడింది పక్కనే ఉండి అన్నట్టు వినిపిస్తుంది. వచ్చినవాళ్ళంతా ఒకరి పేరు ఒకరు పిలుచుకుని మురిసిపోతున్నారు. నరసింగరావు చెవిలో మాత్రం అటుపక్క నిలబడ్డ తన ముఠావాళ్ళిద్దరి మాటలు పడ్డాయి. "ఈడి నోరు పడిపోతే ఊరందరికీ అన్నం పెడతాన్రా." "పైకి మేస్త్రీ, మేస్త్రీ అనాల గానీ, ఒట్టి డొల్లరా ఈడు." పొద్దున్నే దండాలు పెట్టిన నోళ్ళే అవి. మర్నాడు ఇద్దర్నీ పనిలోంచి గెంటేశాడు. గెంటితే సరిపోయిందా? ఎదురుగా అన్నదంతా బూటకమనీ, చాటుగా అన్నదే నిజమనీ అతనికి మనసులో పాతుకుపోయింది. మరి ఇంట్లో తవిటమ్మ చాటున ఏమంటుందో! ఆ పురుగు అతన్ని ఏళ్ళతరబడి తొలిచింది.

కొన్నాళ్ళకి పరంజా మీంచి పడి మోకాలు పోగొట్టుకుని, ఇక పనికి పనికిరాక ఊరొచ్చేశాడు. వాళ్ళమ్మ బతికి పోయిన సుట్టిల్లు ఒకటుండేది, గుండ్రటి మట్టిగోడ, తాటాకు కప్పు. దాన్ని పడగొట్టించి, అదే గుండ్రంలో ఇటుక గోడ లేపాడు. కొడుకు మోహనకృష్ణ "స్లాబు ఏసుకుంటే రేపు మేడ కట్టుకోవచ్చు నాన్నా" అన్నాడు.

"నాను బతికుండగా నా నెత్తిమీద స్లాబా? ఊళ్ళోళ్ళందరికీ ఇన్నేళ్ళు కట్టినాను. ఏ ఒక్కదానిమీదా నా పేరు లేదు. ఇది నాదిరా. నాను పోయినా ఇది నరసింగరావు గుమ్మటమే. దీని జోలికొచ్చినోడు నా శవం జోలికొచ్చినట్టే."

కట్టాడు. కుంటికాలితో, కర్ర పట్టుకుని, కూలీల్ని తిట్టి తిట్టి, ఇటుక వరసలు లోపలికి వాలుస్తూ గుమ్మటం మూశాడు. పని వచ్చినవాడే, అది కాదనడానికి లేదు. ఊరు ఊరంతా వచ్చి చూసి నవ్వింది. "ఏటి మావా ఇది, బతికుండగానే సమాధి కట్టీసుకున్నావేటి?" అన్నారు. "మీ బుర్రలకి రేకులే ఎక్కువ" అన్నాడు.

అంత నవ్వినవాళ్ళకీ తెలియనిది ఒకటుంది. లోపలి గోడ నున్నగా జారిపోయేలా ప్లాస్టరింగు చేయించాడు. ఓ రోజు ఇంట్లో అందర్నీ గుడికి పంపి, టిక్కుటిక్కుమనే గడియారాన్ని ఒక గోడవార పెట్టి, ఎదురుగోడ దగ్గర చెవి ఒగ్గి వెతికాడు. ఎక్కడ బాగా వినపడిందో అక్కడ తన మంచం వేశాడు. గడియారం పెట్టినచోట పొయ్యిగట్టు కట్టించాడు. అదొకటే గది, ఒక పక్క వంట, ఒక పక్క అతని పడక. కొడుక్కీ కోడలికీ పక్కన వేరే గది. మధ్యాన్నం అన్నం తిని గోడవైపు తిరిగి పడుకుంటే, ముసలాయన నిద్ర చెడుతుందని అత్తాకోడళ్ళు గొంతులు తగ్గించి మాట్లాడుకునేవారు. పాపం, తగ్గించేవారు!

మొదట్లో విన్న మాట తవిటమ్మది. "ఈయన ఊళ్ళో లేనన్నాళ్ళూ నాను కడుపునిండా తిన్నానే అమ్మీ. ఎదురుగుంటే ముద్ద దిగదు" అంది కోడలితో. అంతే. ఆ పూట నుంచి ఆమె కంచం ముందు కూర్చుంటే చాలు, పీట లాక్కుని ఎదురుగా కూర్చునేవాడు. మాట లేదు, తిట్టు లేదు. చూస్తూ ఉండేవాడు. ఆమె నాలుగు మెతుకులు కెలికి లేచిపోతే "ఏటే, ఆకల్లేదేటి?" అని అడిగేవాడు. తవిటమ్మ చిక్కి సగమైంది. ఇంతకన్నా చెంపదెబ్బ నయం కాదూ!

కోడలు శైలజ డిగ్రీ చదివిన పిల్ల. ఎచ్చెర్ల యూనివర్సిటీలో పైచదువుకి సీటొస్తే, మొగుడు ఒప్పుకున్నాడు గానీ మావకి చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు. అత్తకి మాత్రం పొయ్యి దగ్గర చెవిలో వేసింది. "శుక్రవారమే ఆఖరి రోజు. పొద్దున్నెల్లి చేరిపోతే ఇంకేటీ చెయ్యలేడు అత్తా." "ఎల్లమ్మా, ఇంటిపని నాను సూసుకుంటాను" అంది తవిటమ్మ. శుక్రవారం తెల్లారేసరికి నరసింగరావు తన పాత ముఠా అంతటినీ భోజనానికి పిలిచి కూర్చోబెట్టాడు. కోళ్ళు తెచ్చి గుమ్మంలో పడేసి, "కోడలు సేతి కూరే కావాలంటన్నారు" అన్నాడు. ఆ పిల్ల పొగలో ఏడుస్తూ సాయంత్రం దాకా వండింది, వడ్డించింది. చివరాఖరికి చెయ్యి కడుక్కుంటూ అన్నాడు.

"ఎచ్చెర్ల బస్సు ఎల్లిపోయిందేటమ్మా?"

శైలజ చేతిలోని చెంబు జారిపోయింది. మావవైపు చూళ్ళేదు, అత్తవైపు చూసింది. "మా ఆయన నోరిప్పడు. ఇంక నీకు తప్ప నాను ఎవరికీ సెప్పలేదు" అంది. తవిటమ్మ అమ్మోరి మీద ఒట్టేసింది, కొడుకు మీద ఒట్టేసింది. కోడలు నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? ఆ ఇంట్లో ఒకరికొకరు దన్నుగా ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు ఆ రోజుతో పగవాళ్ళయ్యారు. నేను విన్నానని ఒక్కమాట అంటే తీరిపోయేది. అన్లేదు సరికదా, మంచమ్మీద గోడవైపు తిరిగి, వాళ్ళ దెప్పుళ్ళు విని నవ్వుకున్నాడు. ఇలాంటివాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి!

తర్వాత దెప్పుళ్ళూ ఆగిపోయాయి. పొయ్యి దగ్గర గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు. నరసింగరావుకి మధ్యాన్నాలు గడవడం కష్టమైంది. గోడకి చెవి పెట్టి పడుకునేవాడు, ఏమీ వినపడక విసుక్కునేవాడు.

కొన్నాళ్ళకి మళ్ళీ మాటలు మొదలయ్యాయి. అత్తాకోడళ్ళు ఎలా కలిసిపోయారని ఒక్కసారి ఆలోచించి ఉంటే బాగుపడేవాడు. ఆలోచించలేదు. ప్రాణం లేచొచ్చినట్టయి చెవి ఒగ్గాడు.

"అమ్మీ, పైకి సూడకు, సూసినట్టు కనపడకు" అంటోంది తవిటమ్మ. "గుమ్మటానికి పగులొచ్చినాది. బూజు దులుపుతుంటే సూసినాను."

"ఓలమ్మ! మావకి సెప్పవేటి అత్తా?"

"సెప్తే గుండె ఆగిపోతాది. వద్దు."

నరసింగరావు ఆ పూట కళ్ళు చిట్లించి కప్పంతా వెతికాడు. ఏమీ కనపడలేదు. చూపు ఆనడం లేదనుకున్నాడు. కొడుకుని నిచ్చెన ఎక్కించాడు. మోహనకృష్ణ తడిమి తడిమి చూసి "వెంట్రుకంత గీత లేదు నాన్నా, రాయిలాగున్నాది" అన్నాడు. మర్నాడు మధ్యాన్నం గోడ చెప్పింది. "అబ్బాయికి నానే సెప్పినాను, పగులున్నా లేదని సెప్పీమని. ఆ మనిషి తట్టుకోలేడు."

ఇంకేముంది? కన్న కొడుకు నిచ్చెన మీద నిలబడి చెప్పినా నమ్మనివాడు, గోడ చెబితే నమ్మాడు. రోజుకో మాట వింటున్నాడు. ఇటుకపొడి రాలుతోందట. పగులు ఇంకా సాగిందట. వానాకాలం దాటదట. అన్నం సయించడం మానేసింది. ఒకనాడు స్లాబులకి ఊతంగా పెట్టే సెంట్రింగు కర్ర తెప్పించి, గది నడిమధ్య నిలబెట్టి, గుమ్మటానికి ఆనించి బిగించాడు. నరసింగరావు గుమ్మటం కింద స్తంభం! ఊరికి పండగైపోయింది. "గోల్ గుంబజుకి సేతికర్ర ఇచ్చినావేటి మావా?" అని టీ బడ్డీ దగ్గర అడిగారు. ఆ రోజు నుంచి అతను బడ్డీకి పోవడం మానేశాడు.

"గుమ్మటం కూలే రోజు కోసం ఊరంతా సూస్తన్నాదట అత్తా," అన్నది శైలజ గొంతు. "కూలిన్నాడు మేళం పెట్టిస్తారట."

"పడితే ఆయన మంచమ్మీదే పడతాది" అన్నది తవిటమ్మ గొంతు.

అదీ దెబ్బ. తాను కట్టింది కూలిందని నలుగురూ నవ్వడం కన్నా, తానే దించేసుకోవడం నయమనిపించింది. కొడుకుని పిలిచి, మొహం ఎటో పెట్టుకుని "నీ ముచ్చట కాదనడం ఎందుకు, గుమ్మటం తీయించీసి స్లాబే ఏసుకో" అన్నాడు. మోహనకృష్ణ ఆ సాయంత్రమే పనివాళ్ళని మాట్లాడుకొచ్చాడు.

పడగొట్టే రోజు పొద్దున్నే వీధంతా వాకిట్లో పోగయింది. నరసింగరావు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పైకెక్కిన పనివాళ్ళు గునపం వేస్తే గునపం ఎగిరి వెనక్కొచ్చింది. సమ్మెట పట్టారు, బొబ్బలెక్కాయి. ఎండెక్కేదాకా కొడితే నడినెత్తిన ఒక కన్నం పడింది. అందులో తల పెట్టి చూసి, పైనున్నవాడు కేకేశాడు.

"మేస్త్రీ, ఇదేటి ఇలాగున్నాది! ఎక్కడా పగుల్లేదు, గిగుల్లేదు. నీ మనవల మనవలదాకా కదిలేది కాదిది. ఎందుకు కొట్టిస్తన్నావు?"

నరసింగరావు కుర్చీలోంచి లేచాడు. అరుగుమీద కోడలి పక్కన నిలబడ్డ తవిటమ్మ మీదికి కర్ర ఎత్తాడు.

"పగులుందన్నావు కదే ముండా! పొడి రాలతన్నాదన్నావు కదే!"

తవిటమ్మ కదల్లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి మొగుడి కళ్ళల్లోకి సూటిగా చూసింది.

"నీకెప్పుడు సెప్పినాను?" అంది.

కర్ర గాల్లో ఆగిపోయింది.

"నాను సెప్పింది కోడలికి. పొయ్యికాడ, సెవిలో సెప్పినాను. నువ్వు నిద్దరోతన్నావు గదా, ఎలాగ ఇన్నావు?" గొంతు పెంచలేదు, అయినా వీధి చివరిదాకా వినపడింది. "మాకు మాటల్లేని రోజుల్లో ఓనాడు నీ మంచం కింద తుడుస్తంటే, అక్కడ పొయ్యికాడ కోడలు నోరు నొక్కుకుని ఏడుస్తన్న ఏడుపు పక్కనున్నట్టు నా సెవిలో పడినాది. ఎచ్చెర్ల సంగతి ఎవరు ఇన్నారో అప్పుడు తెలిసినాది. సెప్పు, ఎలాగ ఇన్నావో నీ నోటితోనే సెప్పు. అందరూ ఇంటారు."

అందరూ అతనివైపే చూస్తున్నారు. మోహనకృష్ణ గుమ్మంలోంచి ఒకసారి మంచంవైపు, ఒకసారి పొయ్యివైపు చూసి, తండ్రివైపు తిరిగాడు. శైలజ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "ఆపమంటావా మేస్త్రీ?" అని పైనుంచి మళ్ళీ కేక వినపడింది. "ఇప్పుడాపితే ఆ కన్నం పూడ్సీయొచ్చు. గుమ్మటం దక్కుతాది."

ఆపమంటే, లేని పగులు సంగతి ఎలా విన్నాడో పదిమందిలో చెప్పాలి. నరసింగరావు ఎత్తిన కర్ర దించి, కుర్చీలో కూలబడ్డాడు.

"ఆపీసినారేట్రా?" అన్నాడు. "కొట్టండి."