సుశీల గిర్వీ పెట్టిన ఇల్లు

సహోదర సహోదరీలారా, మన మందిరంలో ఫ్యాను గాలి మొదటి బెంచీ దాకా వచ్చి అక్కడే స్థిరపడిపోతుంది. వెనక కూర్చునే మాబోటివాళ్లం విశ్వాసంతోనే చల్లబడాలి. ఈ సంగతి పెద్దలకు చెప్పి చెప్పి ఊరుకున్నాను. ఇక సాక్ష్యానికి వస్తాను.

నా భార్య సుశీల, జహీరాబాద్ దవాఖానలో నర్సు, ఎనభైల మొదట్లో ఒక వానకాలం జ్వరంతో ప్రభువునందు నిద్రించింది. సమాధి మూసేముందు, పోయినవారు ఎవరికన్నా బాకీ ఉన్నారా అని పెద్దలు అడగడం మన దగ్గరి పద్ధతి కదా! అడిగారు. పాలవాడికి తప్ప ఎవరికుంటుందిలే అనుకొని, "ఏదున్నా నాదే" అని అందరి ముందు గంభీరంగా అనేశాను. గుంపులో నుంచి, అల్లం కొనే అడ్తి దుకాణం సేటు గొంతు సవరించుకున్నాడు.

"సార్, మీరుండే ఇల్లు నా దగ్గర గిర్వీల ఉన్నది."

ఆ ఇల్లు ఆమెకు పుట్టింటివారిచ్చింది, తాకట్టు కాగితం మీద సంతకమూ ఆమెదే, మరి ఆ డబ్బు ఏమైంది! పెట్టెలో కొత్త చీర లేదు, మెడలో గొలుసు లేదు, కాలేజీలో చదివిన చదువంతా కూడదీసుకున్నా నాకు అంతుపట్టలేదు. వకీలును అడిగితే, "మీ సంతకం లేదు గద సార్, మీ జీతం జోలికి రాలేడు. కట్టకుంటె ఇల్లు మాత్రం పోతది" అన్నాడు. పాస్టరుగారిని అడిగితే, సమాధి దగ్గర ఇచ్చిన మాట దేవుడు విన్నాడన్నారు. చట్టం ప్రకారం బాకీ నాది కాదు, మాట ప్రకారం నాదే, కట్టకపోతే నేనూ నా కూతురూ వీధిలో, కడదామంటే పంతులు జీతం వడ్డీకే చాలదు! అంత స్పష్టమైన అయోమయం నేనెన్నడూ ఎరుగను.

ఉపవాస కూడికలో నిలబడి మొరపెట్టాను: "ప్రభువా, ఈ బాకీ నాదో కాదో తెలుస్తలేదు. ఆమె ఎందుకు చేసిందో అది సుత తెలుస్తలేదు. ఇల్లు కాపాడు తండ్రీ, లేకుంటె సంగతేందో అదన్న చెప్పు!"

దేవుడి సంగతి తర్వాత, ముందుగా సుశీల పుట్టినూరు కోహీర్ విన్నది. కూడికకు వచ్చిన అక్కడి విశ్వాసులు నా ప్రార్థనను పొల్లుపోకుండా సుశీల తమ్ముడు యేసుదాసుకు అప్పజెప్పారు. దేవుడు వినే తీరే అదని ఇప్పుడు నమ్ముతున్నాను. యేసుదాసు పరుగున వచ్చాడు. ఆ డబ్బు అతని బావికే పోయిందట, రాయి తగిలి నీళ్లు పడలేదట, సమాధి దగ్గర నా మాట విని, నాకు అంతా తెలిసే బాకీ నెత్తిన వేసుకున్నాననుకొని, ముఖం చెల్లక ఇన్నాళ్లూ ఇటు రాలేదట! ఆ వేసవిలో బావిని ఇంకా లోతుకు దింపితే ఊట పడింది, దేవునికే మహిమ! ఆ నీళ్లతో పండిన అతని అల్లం నేరుగా సేటు అడ్తికే పోయి పోయి, బాకీ తీరి, చివరికి గిర్వీ కాగితం మా ఇంటికొచ్చింది.

ప్రియులారా, ముందు అర్థం చేసుకొని ఆ తర్వాత ప్రార్థిద్దామని ఆగకండి. నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు, అయినా ఇల్లు నిలిచింది. ఆయనను నమ్మి చూడండి, ఆయనకే స్తోత్రం!

కాగితం చేతికొచ్చిన నాడు ఛాయ్ తాగుతూ, "ఇంత సంగతి మీ అక్క నాకెందుకు చెప్పలేదోయ్?" అని అడిగాను. యేసుదాసు కప్పు కింద పెట్టాడు.

"నీకు చెప్తె నవ్వులాట చేస్తవని అక్క చెప్పలే బావా."