మేకప్ కడుక్కుని స్టేజీ ఎక్కిన ఖాలా

ఖాలా పోయిందన్న కబురు బుధవారం పొద్దున వచ్చింది. అప్పుడు నేను ఒక కస్టమర్‌కి కనుబొమ్మలు తీస్తున్నాను. ఖాలా సెలవు మీద వెళ్ళిన కడప నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి, “అమ్మ లేదక్కా, గుండె ఆగిపోయింది” అంది. ఒక కనుబొమ్మ అయింది, ఇంకోటి మిగిలింది. “ఒక్క నిమిషం” అని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని వచ్చి రెండోది పూర్తి చేశాను. నా జాగాలో ఉంటే ఖాలా అయినా అదే చేసేది.

ఆమె నాకు చుట్టం కాదు. ఖాలా అంటే ముస్లింల ఇళ్ళల్లో పిన్నమ్మ. మస్కట్‌లో మా అందరికీ అలాగే ఖాలా అయింది. మస్కట్‌కి దగ్గరి బర్కాలో ఒక తోట ఇంట్లో ఇరవై ఏళ్ళు వంట చేసింది. నేను నిజామాబాద్ వైపు దాన్ని, మస్కట్‌లోని ఘుబ్రాలో మా ఫ్లాట్‌లోనే పార్లర్ నడుపుతాను. మా ఇద్దరినీ కలిపింది ఒక నాటకం.

నాటకమంటే వేషాలూ పద్యాలూ ఊహించుకోకండి. మా పై అంతస్తు మలయాళీ టీచరమ్మ ఖాలాతో కలిపి ఐదుగురు ఆడవాళ్ళను పోగుచేసింది. ఒంటి రంగు వల్ల తాము విన్నవీ పడ్డవీ ఒక్కొక్కరూ తమ భాషలో నిలబడి చెప్పాలి, అంతే. ఎవరి మాటలు వాళ్ళవే. నన్నూ అడిగింది. స్టేజీ అంటే భయం, మేకప్ చేస్తాలే అని తప్పించుకున్నాను. అబద్ధం. పదో తరగతి నుంచి తెల్లబడే క్రీమ్ రాయకుండా గడప దాటని దాన్ని నేను. ఊళ్ళో ‘రంగు తక్కువ పిల్ల’ అనిపించుకున్న సంగతి నా కస్టమర్లకి తెలియడం ఇష్టం లేక.

ఖాలాకి చదువు రాదు. తన మాటలన్నీ రొట్టెలు చేస్తూ నేర్చుకుంది. ఎన్ని వాక్యాలో అన్ని పిండిముద్దలు పెట్టుకుని, ఒక్కోటి ఒత్తుతూ ఒక్కో వాక్యం చెప్పుకునేది. తప్పితే ఆ రొట్టె పెనమెక్కేది కాదు. శుక్రవారం రిహార్సల్‌కి వచ్చినప్పుడు “మొత్తం వచ్చిందా ఖాలా?” అంటే, “ఒక ముద్ద మిగిలిపోయింది పాపా, వచ్చే వారానికి అదీ కాలుస్తా” అనేది.

మొదటి ప్రదర్శన రోజు అందరికీ నేనే మేకప్ చేశాను. పెళ్ళికూతురు ఎవరైనా సరే, ఆమె రంగుకి రెండు షేడ్లు తెల్లగా ఫౌండేషన్ వేయడం నా చేతికి అలవాటు. రంగు గురించిన నాటకానికి కూడా అదే వేశాను! నా తెలివి అలా తెల్లారింది.

ఖాలా అద్దంలో చూసుకుంది. “ఎవురు పాపా ఈయమ్మ?”

“నువ్వే ఖాలా. ఎంత మంచిగున్నవో సూడు,” అన్నాను మురిసిపోతూ.

“బాగుండాది. అయితే నా మాటలు ఈయమ్మతోనే చెప్పించు. నేను బర్కాకు పోతా.”

లేచి వెళ్ళి, చేతులు కడుక్కునే సబ్బుతో ముఖం రుద్ది రుద్ది కడుక్కుంది. మిగతా నలుగురూ ఆమె వెనకాల వరుస కట్టారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆమె ముఖం తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, “నీ చెయ్యి మంచిదే పాపా. దానికి నేర్పినోళ్ళే మంచోళ్ళు కారు. నీ మాట ఎప్పుడు చెప్తావు?” అంది. నేను బ్రష్షులు సర్దుకోసాగాను.

స్టేజీ మీద ఖాలా ఎవర్నీ తిట్టలేదు. “ఇరవై ఏండ్లు అన్నం వండినాను. నా చెయ్యి నల్లగుండాదని ఎవురూ మెతుకు పారేయలేదు. మరి ఇంటికి చుట్టాలొస్తే నన్ను బయటికి రావద్దంటారెందుకు?” అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఎదురుచూసింది. హాల్లో ఆడవాళ్ళు తలలు దించుకున్నారు.

రెండో ప్రదర్శనకి తొమ్మిది రోజులుందనగా ఆమె పోయింది. ఆమె జాగాలో ఖాళీ కుర్చీ వేసి దండ పెడదామంది టీచరమ్మ. వద్దన్నాను. అక్కడ నేను నిలబడతాను, ఖాలా మాటలు కాదు, నావి చెబుతాను అన్నాను. ఇంట్లో మా ఆయన గాబరాపడ్డాడు.

“ఆడికొచ్చేటోళ్ళు నీ కస్టమర్లే గదా. రేపటి నుంచి పార్లర్‌కు ఎవలొస్తరు?”

“రాకుంటే రాకపోనీ.”

ఆ మాట అనగలిగానంటే అది ఖాలా చలవే. ఆమె ఉండగా ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు. ఇక్కడ మీ అందరి ముందూ చెబుతున్నాను.

మొన్న శుక్రవారం ముఖానికి ఏమీ రాసుకోకుండా స్టేజీ ఎక్కాను. ముందు వరుసలో నా చేత పెళ్ళి మేకప్ చేయించుకున్న అమ్మాయి కూర్చుంది. నన్ను గుర్తుపట్టడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. పట్టాక, పక్కనున్న వాళ్ళమ్మ చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నా ముఖం వైపు చూశారు. వాళ్ళు చూడడం అయ్యేదాకా ఆగి, వెనక వరుసకి కూడా వినబడేలా మొదలుపెట్టాను.

“నేను నల్లగ ఉంట.”