ఏరు అడిగిన పిల్ల

పెద్ద టీచరమ్మ పోయిందని పోయిన శనివారం కార్డొచ్చింది. ఆమె తమ్ముడి కొడుకు రాశాడు. అది నా చేతికి అందేసరికే దహనం అయిపోయి నాలుగు రోజులైంది. ఆఖరి చూపు దక్కలేదు. ఆ పూట పాఠం చెప్పలేక పిల్లలను బొమ్మలు గీసుకొమ్మన్నాను.

ఆమెను మొదట చూసింది డెబ్బైల చివర్లో. నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. నెల రోజులు పాఠాలు చెప్పి రమ్మని ఏటూరునాగారం దగ్గర ఒక చిన్న బడికి పంపారు. వరంగల్ బజారులో బట్టల దుకాణం మాది. బస్సు అడవిలోకి పోతుంటే నాకు ఏడుపొచ్చింది. బడి అంటే ఒక గది, ఒక వరండా, ఆమె. నలభై దాటిన మనిషి. ముక్కు మీద నిలవని కళ్లద్దాలు. అరిగిన చాక్‌పీసు ముక్కలను కొంగున ముడేసుకునేది. హాజరు పిలుస్తూ, పేరు పేరునా పొద్దున ఏం తిన్నారో అడిగేది. అదీ వాళ్ల కోయ భాషలో.

నాకేమో అప్పట్లో నా తెలుగు మీద మహా గర్వం. ట్రైనింగ్‌లో చేరిన కొత్తలో "ఇంటికి పోతాన" అన్నందుకు క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఇంటి మాటను దాచిపెట్టి పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడటం నేర్చుకున్నాను. అంత నవ్వులపాలైన నేనే, ఆ పిల్లల నోట కోయ మాట వస్తే చాలు, "తెలుగులో చెప్పు" అని గద్దించేదాన్ని. వారం తిరిగేసరికి గది నిశ్శబ్దమైంది. క్రమశిక్షణ వచ్చిందనుకున్నాను.

ఎండలు ముదురుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం ఒకటో తరగతి సమ్మక్క లేచి "ఏరు" అంది. ఏటి దగ్గరికి పోతానంటోందేమో అనుకున్నాను.

"ఇప్పుడు ఏరేమిటి? కూర్చో."

కాసేపటికి మళ్లీ లేచింది. ఈసారి వేలు చూపించి కూర్చోబెట్టాను. మూడోసారి అడగలేదు. పలక మీదికి ఒరిగిపోయింది.

పెద్ద టీచరమ్మ వరండాలోంచి ఉరికొచ్చి పిల్లను ఒళ్లో వేసుకుంది. మొహం మీద నీళ్లు చల్లి, కళ్లు తెరిచాక గ్లాసు నోటికి అందించింది. సమ్మక్క రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగింది.

"ఏరంటే వాళ్ల మాటల నీళ్లు, బిడ్డా" అంది నాతో. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ట్రైనింగ్ వాళ్లకు ఇవ్వాల్సిన రిపోర్టులో ఆ పిల్ల పేరు పక్కన నేను అంతకుముందే "మందబుద్ధి" అని రాసి ఉన్నాను. సాయంత్రం ఆ కాగితం చూపించి ఏడ్చాను.

"నేను గూడ వచ్చిన కొత్తల గిట్లనే రాసిన" అంది. "నీకు అమ్మ ఒళ్లనే వచ్చిన తెలుగు, ఆ పిల్ల బడికొచ్చినంకనే వింటాంది. పరీక్ష మాత్రం అందరికి ఒక్కటే. ఇంక ఎవరికి తెలివి లేదని రాస్తవ్?"

"మరి తెలుగు నేర్పొద్దా అమ్మా?"

"ఎందుకు నేర్పొద్దు? అంగడిల, ఆఫీసుల వాళ్లను ఎవరు మోసం చెయ్యకుంట మంచిగ నేర్పాలె. కని వాళ్ల మాటను వాకిట్ల నిలవెట్టి, పిల్లలను లోపటికి రమ్మంటే ఎట్లొస్తరు?"

రాసింది కొట్టేశాను. మర్నాడు పొద్దున ఆమె సమ్మక్కను పిలిచి, "ఈ టీచర్‌కు కోయ రాదు. జర నేర్పు" అంది. సమ్మక్క కిటికీ, గొడ్డు, వాన, ఒక్కొక్కదానికీ కోయ మాట చెప్పింది. నేను తప్పు పలికినప్పుడల్లా గది గదంతా పకపకా నవ్వింది. ఆ నవ్వుకు నాకు నొప్పి కలగలేదు. నా నెల పూర్తయ్యేసరికి ఆ పిల్ల సగం కోయ, సగం తెలుగు కలిపి కథలు చెప్పేది.

తర్వాత నాకు వర్ధన్నపేట వైపు ఉద్యోగమొచ్చింది. కూలీల పిల్లలు "గట్లనా టీచర్?" అంటే, గట్లనే అన్నాను. పుస్తకం భాష ఆ తర్వాత నేర్పాను.

ఆమెను చివరిసారి చూసింది రెండు నెలల కింద, వరంగల్ దవాఖానలో. బత్తాయిలు పట్టుకుని వార్డు గుమ్మంలోనే ఆగిపోయాను. ఆమె ఒక చేతికి సెలైన్ ఎక్కుతోంది. పక్క మంచం మీద అడవి ఊరి నుంచి వచ్చిన కోయ ముసలమ్మ, ఆమె రెండో చేయి పట్టుకుని తన నొప్పి చెప్పుకుంటోంది. పెద్ద టీచరమ్మ కళ్లు మూసుకుని వింటోంది. ఆ మంచాల నడుమ కుర్ర డాక్టర్ ఒకాయన, పెన్ను పట్టుకుని, ముసలమ్మ చెప్పుకోవడం అయ్యాక టీచరమ్మ తెలుగులో చెప్తే రాసుకుందామని నిలబడి ఉన్నాడు.