సామాను తెచ్చినోడు తినకుండా పోతాడా

మా అత్తకు ఫోను చెవికి పెట్టుకునే అలవాటు లేదు. చేతులు ఖాళీగా ఉంటే కదా! ఒళ్ళో బీడీల చాట, చేతిలో కత్తెర, పక్కన మంచం మీద బటన్ ఫోను. దాని స్పీకరు ఎప్పుడూ పూర్తిగా పెంచే ఉంటుంది. మా ఇంట్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నా గల్లీ మొత్తానికి తెలుస్తుంది. దీని గురించి నేను ఆమెతో పడని గొడవ లేదు. "మనమేమన్న దొంగతనం చేసినమా, చెవుల్ల గుసగుసలు పెట్టేతందుకు?" అంటుంది. ఇంక నేనేం చెప్పను!

మాది పెద్దపల్లి దగ్గర ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్ని. మా ఆయన దుబాయ్‌లో పనిచేసేవాడు. పెళ్ళయినప్పటి నుంచి నాకు మొగుడంటే రెండు నెలల చుట్టమే. సెలవు మీద వస్తాడు, ఇల్లంతా సందడి చేస్తాడు, అయిపోగానే బ్యాగు సర్దుకుంటాడు. ఏడ్చి చూశాను, అలిగి చూశాను, ఒకసారి పాస్‌పోర్టు బియ్యం డబ్బాలో దాచి కూడా చూశాను. చివరికి ఆయనే ఒక మాట ఇచ్చాడు. ఇంటి ముందు గదిలో పిండిగిర్ని పెట్టుకోగలిగితే మళ్ళీ పోనన్నాడు. గిర్ని కోసం కూడబెట్టిందంతా ఆయన పేరు, అత్త పేరు కలిపి ఉన్న ఖాతాలో ఉంది. అది ఉంటే మనిషి ఇంట్లో ఉంటాడు. అది పోతే మళ్ళీ విమానం ఎక్కుతాడు. నా బతుకంతా ఆ ఖాతా చుట్టూనే తిరుగుతుండేది.

ఎండాకాలంలో వస్తానని చెప్పి, ముందుగా ఒక పెద్ద డబ్బా కార్గోలో వేశాడు. దుప్పట్లు, సబ్బులు, సెంట్లు, పిల్లల బట్టలు. మా వైపు గల్ఫ్ ఇళ్ళలో డబ్బా ముందు, మనిషి తర్వాత. డబ్బా వచ్చిందంటే మనిషి బయలుదేరినట్టే. అందుకని అత్తకు ఫోను మోగితే చాలు, అది కార్గో వాళ్ళదే అనిపించేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అత్త చేసిన పని మీకు పిచ్చితనంగా కనబడుతుంది. కార్గోలు రాకముందు సామాను మనుషులతోనే వచ్చేది. ఎవరైనా సెలవు మీద వస్తుంటే, వాళ్ళ బ్యాగులో పక్క ఊళ్ళ వాళ్ళవి కూడా నాలుగు పొట్లాలుండేవి. ఊరు దిగగానే ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్ చేసి "మీ సామాను నా దగ్గర ఉంది" అనేవాడు. మేము ఎగిరి గంతేసేవాళ్ళం. ఆ మనిషిని ఇంటికి పిలిచి, కోడి కోసి, కడుపునిండా పెట్టి పంపేవాళ్ళం. ఆయన తింటూ మా వాడి కబుర్లు చెప్పాలి. అది సామాను కంటే ముఖ్యం. తినకుండా పోయినవాడు ఇంతవరకు లేడు.

ఇక ఆ మధ్యాహ్నం. సెంటరు మూసి ఇంటికి వస్తున్నాను. గల్లీ మలుపులోనే మా అత్త ఫోను వినబడింది. ఎవరో మగమనిషి, టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నాడు.

"అమ్మా, మీ అబ్బాయి దుబాయ్ నుంచి పంపిన పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిపోయింది. కార్డు వివరాలు ఇచ్చారు కదా, ఇప్పుడు మీ ఫోన్‌కు ఒక నంబరు వచ్చింది. అది చదివితే వెంటనే విడిపిస్తాం."

కార్డు వివరాలు ఇచ్చారు కదా అన్న మాట చెవిన పడ్డాక ఇంకేం ఆగను! పరుగెత్తాను. చెప్పు ఒకటి దారిలోనే ఊడిపోయింది. పోతే పోయింది.

లోపలికి వెళ్ళి చూస్తే ఏముంది! మంచం మీద ఆ ఖాతా ఏటీఎం కార్డు వెల్లకిలా పడుంది. ముందు అంకెలూ చెప్పేసింది, వెనకవీ చెప్పేసింది. ఆమెకు అక్షరాలు రావు గానీ, బీడీల కట్టలు లెక్కబెట్టిన మనిషి, అంకెలు మాత్రం గడగడ చదువుతుంది. ఇంత చదువు వచ్చినందుకు ఆ ఒక్కరోజు నేను దేవుణ్ణి తిట్టుకున్నాను. ఫోను ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. మెసేజీ తెరిచి ఉంది.

"అత్తమ్మా, చెప్పకు!" అని అరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు పిల్లా, సామాను తెచ్చినోనితోని మాట్లాడుతున్న" అని ఫోనును రొమ్ముకు అదుముకుంది. లాక్కోబోయాను. ఎక్కడ వదులుతుంది, బీడీల చెయ్యి అది!

"నంబరు చెప్త కొడుకా, అదేడికి పోతది? ముందుగాల గిది చెప్పు, మీది ఏ ఊరు?"

"నేను ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానమ్మా."

"ఆఫీసంటే ఊరు కాదు గద బిడ్డా. మీ అవ్వ ఏడుంటది?"

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు. పాపం, వాడికి నేర్పిన పాఠంలో ఈ ప్రశ్న లేదేమో.

"అమ్మా, టైం అయిపోతోంది, నంబరు చదవండి."

"చదువుత, చదువుత. మావోడు మంచిగున్నడా? ఏమన్న బక్కవడ్డడా?"

"నాకు తెలియదమ్మా."

"సామాను నీ చేతికిచ్చినోని మొకం సూడలేదా?"

నాకు ఒకపక్క భయం, ఇంకోపక్క ఆమె వాలకానికి కోపం. ఎదురుగా దొంగ, ఈమె చుట్టరికం కలుపుతోంది! నేను మళ్ళీ చెయ్యి చాపాను. ఆమె గుడ్లురిమింది.

"సరే తియ్యి. రేపు వస్తవా, ఎల్లుండి వస్తవా? కోడి కోస్త. తిని పోదువు."

"అవేమీ వద్దమ్మా."

"కోడి తినవా? పప్పుచారు చేస్త."

"ఏమీ వద్దన్నాను కదా!"

"పోనీ చాయ్ అన్న తాగి పో."

"మీ ఇంటికి ఎవరూ రారు! నంబరు చెప్పకపోతే సామాను వెనక్కి పోతుంది, మీ అబ్బాయి మీద కేసు అవుతుంది, పోలీసులు వస్తారు!"

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. వీడిది తిరగేసిన లెక్క. ఇంతసేపూ కాళ్ళు పట్టుకున్నాడు, పని కాకపోయేసరికి జుట్టుకు వచ్చాడు. నేను బెదిరిపోయాను, నిజం చెప్తున్నాను. అత్త బెదరలేదు. ఆమె మొహం ఎర్రబడింది. పోలీసుల మాట ఆమె విననే లేదు, చాయ్ వద్దన్న దగ్గరే ఆగిపోయింది.

"నా కొడుకు సామాను తెచ్చి, నా ఇంట్ల చాయ్ తాగవారా? నువ్వు మనోడివి కాదు. పెట్టెయ్ ఫోను!" అని తనే ఎర్ర బటన్ నొక్కేసింది. తర్వాత నా వైపు తిరిగి, తప్పు నాదే అన్నట్టు, "దొంగోడే వాడు. ఏం సూస్తున్నవ్, ఏమన్న చెయ్యి!" అంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కార్డు వెనక అచ్చు వేసి ఉన్న నంబరుకే ఫోన్ చేశాను. నెట్‌లో వెతికితే అక్కడ కూడా దొంగ నంబర్లే పెడుతున్నారని మా సూపర్‌వైజర్ మేడం మీటింగులో చెప్పింది. కార్డు ఆపించాను. ఆ వెంటనే ఆటో మాట్లాడుకుని, ఒంటి చెప్పుతోనే పెద్దపల్లి బ్యాంకుకు. దారి పొడుగునా అత్త ఆ కార్డును కొంగున ముడేస్తూ, విప్పుతూ కూర్చుంది. నేను కిటికీ లేని ఆటోలోంచి పొలాలు చూస్తూ, గిర్ని పోతే పోనీ, మనిషిని మాత్రం పంపకు దేవుడా అని మొక్కుకున్నాను. కానీ గిర్ని పోతే మనిషి కూడా పోతాడని నాకు తెలుసు.

కౌంటరులో ఉన్న మేడం చూసి, "అంతా ఉందమ్మా, ఒక్క రూపాయి కదల్లేదు" అంది. నేను అక్కడే కుర్చీలో కూలబడ్డాను. అత్తకు ప్రాణం లేచి వచ్చింది. వెంటనే నోరు కూడా.

"కార్డు మీది అంకెలన్ని చెప్పిన గదమ్మా, మరెట్ల బచాయించినం?"

"అవి చెప్తే తలుపు కాడికి వచ్చినట్టు. ఫోనుకు వచ్చిన నంబరు చెప్తే గొళ్ళెం తీసినట్టు. నువ్వు గొళ్ళెం తియ్యలేదు. ఇకనుంచి ఏ అంకె కూడా ఫోన్ల ఎవరికీ చెప్పకు. బ్యాంకు నుంచని చెప్పినా, పోలీసులమని చెప్పినా."

"నువ్వే అడిగితే?"

"నేనడిగినా చెప్పకు."

ఆ జవాబు అత్తకు ఎంత నచ్చిందో! బ్యాంకులో లైనులో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ, "గా మేడం మంచిది, తనకు గూడ చెప్పొద్దన్నది" అని సర్టిఫికెట్ ఇచ్చింది. తర్వాత మోసాల ఫిర్యాదు నంబరుకు కూడా చెప్పించారు మాతో. తిరిగి వస్తూ అత్త నాకు కొత్త చెప్పులు కొనిచ్చింది. అది ఆమె క్షమాపణ. నోటితో చెప్పే రకం కాదు.

రెండ్రోజుల తర్వాత మళ్ళీ ఫోన్. ఈసారి నేనే ఎత్తాను.

"అక్కా, దుబాయ్ కార్గో డబ్బా వచ్చింది, మీ ఇల్లు..."

అంతే, ఒంటికాలి మీద లేచాను. "సిగ్గు లేదారా? కష్టం చేసుకుని బతకరాదా? మీ పార్సిలు మీరే నెత్తిన పెట్టుకుని ఊరేగండి!" ఇంకా చాలా అన్నాను. అంగన్‌వాడీ టీచర్ని కాబట్టి ఇక్కడ రాయలేను. పెట్టేశాను. మళ్ళీ మోగింది.

"అక్కా, ఎందుకు తిడుతున్నవ్? ఎండల నిలవడ్డ. మీ ఊరి వాటర్ ట్యాంకు కాడున్న."

"నంబరేమన్న చెప్పాల్నా?" అన్నాను వెటకారంగా.

"ఏం నంబరు? ఇల్లు చెప్తే చాలు."

అత్త ఫోను లాక్కుంది. "ఏ ఊరోళ్ళు కొడుకా?"

"నస్పూర్ అవ్వా. మా బాపు బొగ్గుబాయిల పనిచేసి రిటైరయిండు."

"తిన్నవా?"

"ఏడ తిన్ననవ్వా, పొద్దుగాల సంది తిరుగుతున్న. ఏం కూర?"

అత్త నా వైపు చూసింది. "తలుపు తియ్యి పిల్లా. వీడు మనోడే."

"రేపు ఇంకో దొంగోడు గూడ తింటనంటే?" అన్నాను. నా అనుమానం నాది.

"తినేతందుకు ఇంటికి రావాలె గదనే! వచ్చినంక మనకు కండ్లు లేవా, చీపురు లేదా?"

నిజమే కదా! డబ్బా తెచ్చే మనిషి గుమ్మం దాకా వస్తాడు. గుమ్మం దాకా రానివాడికి మన అంకెలతో పనేముంది? నేను మా సెంటరుకు వచ్చే తల్లులకు ఇదే చెప్తున్నాను. నేను చెప్పినప్పుడు తలూపుతారు. అత్త వచ్చి చెప్పినప్పుడు పడీపడీ నవ్వుతారు. నవ్విన మాటే గుర్తుంటుందిలెండి.

ఆ నస్పూర్ తమ్ముడు గుడ్ల పులుసుతో మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నేను తిట్టినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసి మరీ నవ్వాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎండాకాలంలో మా ఆయన వచ్చాడు. ముందు గదిలో గిర్ని దిగింది. మొదటి రోజే ఆడవాళ్ళు జొన్నలు, పసుపుకొమ్ములు, బియ్యం పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. మా ఆయన తలనుంచి కాళ్ళదాకా తెల్లగా అయ్యాడు. నాకు చూస్తుంటే నవ్వాగదు. అయినా లోపల బెంగ ఉండనే ఉంది. వీసా గడువు ఇంకా మిగిలుంది. సెలవు అయిపోవస్తోంది. గిర్ని పెట్టి కూడా విమానం ఎక్కిపోయినవాళ్ళు మా ఊళ్ళో లేరా? అడగాలని నోటిదాకా వచ్చేది. ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు.

ఒకరోజు గిర్ని నడుస్తుండగా ఆయన ఫోను మోగింది. జగిత్యాల ఏజెంటు. ఆయన గిర్ని ఆపి, చేతులు పిండితో ఉన్నాయని స్పీకరు పెట్టాడు. తల్లి బిడ్డే కదా!

"టికెట్ చేయాల్నా తమ్మీ? ఏ తారీఖుకు పోతవ్?"

నేను జల్లెడ పట్టుకుని తల దించుకున్నాను. ఇన్నేళ్ళూ ఈ ప్రశ్నకు ఆయన చెప్పిన జవాబు నాకు కంఠతా వచ్చు. వాకిట్లో అత్త చేతిలో కత్తెర ఆగిపోయింది.

"టికెట్ వద్దన్నా. ఇగ పోను. ఈడనే ఉంట."

నేను జల్లెడ పక్కన పెట్టి ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాను. "ఏమన్నవ్? ఇంకోపారి చెప్పు."

"ఇగ పోను."

"ఇంకోపారి."

ఆయన నవ్వుతూ మళ్ళీ చెప్పాడు. నా కళ్ళనీళ్ళు ఆగడం లేదు, కొంగుతో తుడుచుకుంటే మొహమంతా పిండి. వాకిట్లో ఆడవాళ్ళు "మా జొన్నలేమాయెనే, మీ ముచ్చట్లు తర్వాత" అని గోల.

"సాలు తియ్యే, వానికి నోరు నొయ్యదా?" అని అత్త నన్ను కసిరింది. చాట పక్కన పెట్టి, లేచి, మెల్లగా గిర్ని దాకా వచ్చింది. గల్లీ చివరి గుసగుస కూడా వినబడే చెవులు ఆమెవి.

"కొడుకా, నాకు సక్కగ ఇనవడలే," అంది. "ఒక్కపారి నాకు గూడ చెప్పు."