చెవులు కుట్టిననాటి అనుమానం

మొన్న సిద్దిపేటలో మా పక్కింటి పెద్దమ్మ పోయింది. అమ్మ ఫోన్‌లో చెబితే ముందు నమ్మలేదు. దేన్నీ ఒక్కమాటకు నమ్మకూడదని నాకు నేర్పిందే ఆ పెద్దమ్మ.

అనుమానం పెనుభూతం అంటారు. మా వాడలో ఆ భూతానికి పెద్దమ్మ పేరే పెట్టారు. పాలలో వేలు ముంచి చూసేది. మక్కకంకి పొట్టు ఒలవనిదే కొనేది కాదు. అమ్మేవాళ్లు విసుక్కుంటే, "కండ్లున్నది చూసేతందుకే" అనేది.

నేను తొమ్మిదో తరగతిలో పెద్దమనిషినయ్యాను. మొదటినుంచీ నెలసరి వస్తే పది పన్నెండు రోజులు ఆగేది కాదు. గంటకో ప్యాడు తడిసేది. బడిలో బెంచీ మీంచి లేవాలంటే భయం. కొత్తలో అందరికీ అంతేనంది అమ్మ. దవాఖానకు పోతే పెళ్లికాని పిల్ల మీద లేనిపోని పేరు పడుతుందని ఆమె దిగులు.

అప్పటినుంచే పెద్దమ్మ నా మీద కన్నేసింది. గోడ మీదనుంచి మా చెత్తబుట్ట వైపు చూసేది. దొరికితే చాలు, నా కింది కనురెప్ప లాగి చూసి, ఎన్ని దినాలైందని అడిగేది. నాకు ఒళ్లు మండేది. వాడంతా చాటడానికే ఆరా తీస్తోందనుకున్నాను. అమ్మయితే ఆమెతో మాటలే మానేసింది.

ఓ పొద్దున నల్లా దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. పెద్దమ్మ గేటు తోసుకుని వచ్చింది.

"చెల్లె, దీని చెవులు కుట్టిననాడు నా కొంగంత తడిసింది. పొద్దుమూకేదాంక నెత్తురాగలే. గిది కొత్తల వచ్చే బాధ కాదు. నడువు దవాఖానకు."

డాక్టరమ్మకూ అదే చెప్పింది. ఆమె రాయడం ఆపి, ముక్కులోంచి రక్తం కారుతుందా, పళ్లు తోమితే వస్తుందా అని అడిగింది. రెండూ ఉన్నాయి. పరీక్షల్లో, రక్తం గడ్డకట్టడంలోనే పుట్టుకతో లోపముందని తేలింది. రక్తం ఎక్కించారు, మాత్రలిచ్చారు. కొన్ని నెలలకు నెలసరి అదుపులోకొచ్చింది. పెద్దమ్మ అనుమానపు మనిషి కాకపోతే నేను లేను. తప్పుగా అనుకున్నానని మాత్రం ఏనాడూ ఆమెతో అనలేకపోయాను. అది ఇప్పుడు గుచ్చుతోంది.

నిన్న ఊరికొచ్చి పెద్దమ్మ వాళ్లను పలకరించడానికి పోతే, ఇంటి ముందు ఆడవాళ్ల మధ్య, కోహెడ నుంచి వచ్చిన చుట్టాల పిల్ల గోడకానుకుని కూర్చుంది. పద్నాలుగేళ్లుంటాయి. పెదాలు పాలిపోయాయి. నా చెయ్యి తనంతట తానే పోయి ఆ పిల్ల కింది రెప్ప లాగింది. లోపల తెల్లగా ఉంది.

"ఎన్ని దినాలైంది బిడ్డా?"

వాళ్లమ్మ పిల్లను దగ్గరికి లాక్కుని, ఒకప్పుడు మా అమ్మ పెద్దమ్మను చూసినట్టే నన్ను చూసింది. నేను జరిగి ఆ పిల్ల పక్కనే కూర్చున్నాను.