పిల్లికి రెయిలింగు

మా ఇంటి ఎర్ర గచ్చుని చూసి మా లైనులో ఆడవాళ్ళు ఇరవై ఏళ్ళుగా కుళ్ళుకుంటున్నారు. అగ్రికోలో స్టీలు కంపెనీ వాళ్ళ పాత క్వార్టర్సు మాది. పెళ్ళయి శ్రీకాకుళం నుంచి ఇక్కడికొచ్చిన ఏడాదే మొదలుపెట్టాను. పదిహేను రోజులకోసారి ఎర్ర పాలీషు పట్టించి, మోకాళ్ళ మీద కూర్చుని, పాత చీర ముక్కతో రుద్దీ రుద్దీ దాన్ని అద్దం చేశాను. వంగితే బొట్టు దిద్దుకోవచ్చు. అలాంటి గచ్చుని ఫోనులో ఫొటో చూసి, పశువుల డాక్టరమ్మ "ఇది చాలా డేంజర్" అనేసింది.

నాకు ఒళ్ళు మండింది. రోజూ మేమంతా నడవట్లేదా అని నాకొచ్చిన హిందీలో గట్టిగానే అడిగాను.

"మీరు నడుస్తారు. అది ఇంక మూడు కాళ్ళతో నడవాలి. జారిందంటే కుట్లు తెగుతాయి" అంది ఆవిడ, చల్లగా.

'అది' అంటే మా పిల్లి. షిఫ్టు వదిలే టైములో రోడ్డు దాటబోయి మోటారుసైకిలు కింద పడింది. వెనక ఎడమ కాలు నుజ్జయిపోయింది. కాలేజీ నుంచి వస్తున్న మా అమ్మాయి దాన్ని చున్నీలో చుట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. కాలు తీసేస్తేగాని బతకదన్నారు, తీసేశారు. మూడు రోజులు మా దగ్గరుంచుకుంటాం, ఈలోగా ఇల్లు సిద్ధం చేసుకోండని డాక్టరమ్మ ఒక కాగితం రాసిచ్చింది. జారని నేల ఉండాలి, ఎక్కడానికి ఎత్తయినదేదీ లేని గది ఉండాలి, ట్రే అంచు తక్కువ ఉండాలి, రెండు వారాలు దూకనివ్వకూడదు. అన్నిటికంటే పైన జారని నేల అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది.

నిజం చెప్పేస్తాను. నాకు కోపం డాక్టరమ్మ మీద కాదు. ఏడాది కిందట అదే గచ్చు మీద మా అత్త జారిపడింది. ఆ ముందురోజే నేను పాలీషు పెట్టాను. తుంటి విరిగితే లోపల స్టీలు రాడ్డు వేశారు. ఇంట్లో ఒక్కళ్ళూ నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుణ్ణు, నేనూ తిరిగి నాలుగు అనేసి తేలికపడేదాన్ని.

అప్పటినుంచి అత్తకి ముందుగది, బాత్రూమే లోకం. అంతకుముందు తెల్లారితే చాలు పెరట్లో ఎండకి కూర్చుని, ఆకుకూర బాగుచేస్తూ, గోడవతల ఒడియా ముసలమ్మతో సగం తెలుగు సగం ఒడియాలో ఊళ్ళో వాళ్ళందరినీ చెడుగుడు ఆడేది. పెరటికి వెళ్ళాలంటే రెండు మెట్లు దిగి వెనకగదిలోంచి వెళ్ళాలి. ఆ రెండు మెట్లూ ఆవిడ మళ్ళీ దిగలేదు. వాకరు కొనిస్తే దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేసింది. గచ్చు మీద పట్టాలు పరుస్తానంటే, "నాకోసం ఇల్లంతా గోనెలు పరిసెత్తావేటే? నానేటి కుంటిదాన్నా?" అని కేకలేసింది. గోడ పట్టుకునే నడిచేది. ఆవిడ లేచిన ప్రతిసారీ నా ప్రాణాలు గుప్పిట్లో ఉండేవి.

ఆ రోజుల్లోనే ఈ పిల్లి ఎక్కణ్ణుంచో వచ్చి కిటికీలో కూర్చుంది. అత్త దానికి చేప తలకాయ వేసింది. ఇంకేముంది, కాపురం పెట్టేసింది. ఎవరి పిల్లి అని అడిగితే మాత్రం అత్త, "ఏమో, ఎవుల గుంటో!" అని మొహం తిప్పుకునేది.

సరే, ఇల్లు సిద్ధం చెయ్యాలి. మా ఆయన రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్. మిల్లు ఆపి మరమ్మతు చేసేదాన్ని వాళ్ళు షట్‌డౌన్ అంటారు. ఆ పేరు చెబితే ఈయనకి ఆకలీ నిద్రా ఉండవు. డాక్టరమ్మ కాగితం చూడగానే కళ్ళు మెరిశాయి. వారం రోజులు సెలవు పెట్టేశారు. మా చెల్లెలి పెళ్ళికి ఒక్కరోజు సెలవు దొరకని మనిషి!

మర్నాడు పొద్దున్నే నన్నూ అమ్మాయినీ వంటింట్లో నిలబెట్టి, "ఇయ్యాళ పనిలో ప్రమాదాలేటి?" అని అడిగారు. మిల్లులో రోజూ పని మొదలెట్టే ముందు ఇలాగే అడుగుతారట.

"పప్పు మాడిపోతాది, అదే ప్రమాదం" అన్నాను.

"పాపా, బిల్లీ హై, బ్లాస్ట్ ఫర్నేస్ నహీ" అంది అమ్మాయి, ఇది పిల్లి నాన్నా, ఇనుము కరిగించే కొలిమి కాదని. అది మేము తెలుగులో అడిగితే హిందీలోనే జవాబిస్తుంది.

ఆయన వింటేనా? పిల్లికి వెనకగది కేటాయించారు. అందులో మంచం తీసేసి, కిటికీకి జాలీ కొట్టి, బియ్యం డ్రమ్ము ఎత్తుగా ఉందని దాన్ని మోసుకొచ్చి వంటింట్లో నా కాళ్ళకడ్డంగా పడేశారు. బీరువాకీ, గూటికీ, ఆఖరికి నా మిక్సీకి కూడా ఎర్ర అట్టముక్కలు వేలాడదీశారు. వాటి మీద హిందీలో 'పని జరుగుతోంది, ముట్టవద్దు' అని ఉంది. "మిక్సీ ఏటి చేసిందండీ?" అంటే, "సౌండుకి బెదిరి దూకుతాది" అన్నారు. రెండు వారాలు రోట్లో రుబ్బాను.

ఆ తర్వాత సాక్చి పాతసామాన్ల కబాడీ బజారు నుంచి పాత కన్వేయర్ బెల్టు చుట్ట దింపారు. నల్లటి రబ్బరు, అరంగుళం మందం, జన్మలో జారదు. ముందుగది నుంచి వెనకగది దాకా పరిచేశారు. నా ఎర్ర గచ్చు మీద తారు రోడ్డేసినట్టుంది. రబ్బరు కంపు కూరల్లోకి కూడా ఎక్కింది. నోటికొచ్చినట్టు తిట్టాను. మంచం మీంచి అత్త చూసి, "ఏటే ఇది?" అంది.

"పిల్లికమ్మా" అన్నారాయన.

అత్త కిటికీలో పిల్లి కూర్చునే చోటుకేసి తిరిగింది. ఇంకో పక్క ఆయన టేపు పట్టుకుని ఇల్లంతా కొలుస్తూనే ఉన్నారు. ఒకసారి అత్త మంచం కోడు పట్టుకుని నిలబడితే, పక్కన వంగి ఆవిడ చేతి దగ్గర కూడా టేపు పెట్టారు. "ఏటిరా కొలుత్తన్నావు?" అందావిడ. "మంచం కింద పిల్లి దూరకుండా పలక కొడతానమ్మా" అన్నారు. ఆ పలక ఇవాళ్టికీ కొట్టలేదు.

మూడో రోజు పిల్లి వచ్చింది. సగం ఒళ్ళు గొరిగేసి, కుట్లు నాకకుండా మెడకి ప్లాస్టిక్ గరాటా పెట్టారు. వెనకగదిలో దింపగానే నాలుగడుగులు వెయ్యబోయి పక్కకి ఒరిగింది, మళ్ళీ లేచింది, బెల్టు మీద గోళ్ళు దిగేసి నిలబడింది. నిలబడింది! ఆయన నా వైపు చూశారు. నేను మొహం తిప్పేసుకున్నాను. నిలబడిందేగాని, మూలకి పోయి అట్టపెట్టెలో దూరి, మూతి గోడకి పెట్టి పడుకుంది. పాలు పెట్టాను, ముట్టలేదు. ఉప్పు లేకుండా చేప ఉడకబెట్టి ముళ్ళు తీసి పెట్టాను, వాసన కూడా చూడలేదు. ఆ రోజంతా అంతే. మర్నాడూ అంతే. డాక్టరమ్మకి ఫోను చేస్తే, "పిల్లులు తిండి మానేస్తే లివర్ పాడైపోతుంది. సాయంత్రంలోగా తినకపోతే తీసుకొచ్చెయ్యండి. కానీ అంత నీరసంలో మళ్ళీ కదిలిస్తే..." అని ఆగిపోయింది.

ముందుగదిలోంచి పది నిమిషాలకోసారి అత్త కేక. "తినిందేటే?"

"నేదత్తా."

ఆవిడ కంచంలో అన్నం కూడా అలాగే ఉండిపోయింది. "అది తినకుండా నాకెలాగ దిగుతాది?" అంది. ఎవరి గుంటో అన్న మనిషి!

పిల్లి ఇప్పటిదాకా తిన్నదంతా అత్త చేతి తిండే. దాన్ని ఎత్తి అత్త దగ్గరికి తీసుకెళ్దామని ఆయన తువ్వాలుతో వంగితే, మణికట్టు కొరికేసింది. గింజుకుంటే కుట్లు తెగేలా ఉన్నాయని వదిలేశాం. పోనీ అత్తని ఎత్తుకుని రెండు మెట్లూ దించుతానన్నారాయన. "బతికుండగానే మోత్తావేట్రా నన్ను? ఆగు, ఆ రోజూ వత్తాది!" అని విసనకర్ర విసిరింది.

సరిగ్గా అప్పుడే బారిడీహ్ వెల్డింగ్ షాపు నుంచి టెంపో వచ్చి ఆగింది. మెట్ల మీద వెయ్యడానికి పిల్లికోసం ఆయన చేయించిన ఏటవాలు రేంపు అది. నలుగురు మనుషులు ఆయాసపడుతూ మోసుకొచ్చారు. అంతా ఇనుమే. పైన బెల్టు అతికించి ఉంది. పసుపూ నలుపూ చారలు. రెండు పక్కలా గొట్టాల రెయిలింగు!

లైనులో వాళ్ళంతా గుమ్మంలోకి వచ్చేశారు. నాకు తల తీసేసినట్టయింది.

"పిల్లికి రెయిలింగేటండీ? ఏ చేత్తో పట్టుకుంటాది?" అని అరిచాను.

"రెయిలింగు లేని రేంపు మా మిల్లులో పాస్ అవదు" అన్నారాయన, మణికట్టుకి కట్టు సవరించుకుంటూ.

"ఇది మిల్లా?"

"రూల్ రూలే."

మోసుకొచ్చిన వాళ్ళలో ఒక పెద్దాయన నవ్వాపుకోలేక పెరట్లోకి పారిపోయాడు. రేంపు మెట్ల మీద దించిన గడగడలకి పిల్లి ఇంకా లోపలికి ముడుచుకుపోయింది. అందరినీ పంపేసి, చేప గిన్నె పట్టుకుని దాని ముందు మళ్ళీ కూర్చున్నాను. తినవే, తల్లీ తినవే అని బతిమాలాను. నేను ఆ పిల్లిని ఏనాడూ ముద్దుచేసింది లేదు, నా పాల గిన్నె ఎన్నిసార్లు నాకేసిందో లెక్కలేదు. కానీ ఇది పోతే ముందుగదిలో ఆవిడ ఇంక మంచం దిగదని నాకు తెలుసు. ఆ గచ్చుని అద్దం చేసింది నేనే. కూర్చుని భోరుమన్నాను.

"రంగు ఆరిందేటే?"

తలెత్తితే రేంపు పైన అత్త. బెల్టు మీద నడిచి గుమ్మం దాకా ఒక్కతే వచ్చేసింది.

"ఆరిందత్తా" అని లేచి చెయ్యి అందించబోయాను.

"సెయ్యి తియ్యి."

కుడి చేత్తో రెయిలింగు పట్టుకుంది. ఒక కాలు వేసింది. రెండో కాలు దాని పక్కకి లాక్కుంది. మా ఆయన పైన గుమ్మంలో చేతులు చాపి నిలబడ్డారు. అమ్మాయి ఫోను కూడా తియ్యలేదు. ఆ నాలుగు గజాలకి అన్నం ఉడికేంత సేపు పట్టింది. కిందికొచ్చి స్టూలు మీద కూలబడి, "ఏటే గుంటా, గ్రామఫోనులాగ ఈ ఏసమేటి?" అంది.

అట్టపెట్టెలో గరాటా ఇటు తిరిగింది.

"ఇలాగ రా. ఏడీ, సూడనీ." పిల్లి లేచింది, తూలింది, మూడు కాళ్ళతో గెంతుకుంటూ ఆవిడ పాదాల దగ్గరికి వచ్చింది. అత్త దాని కుట్లు చూసింది. "పోన్లే. నీకింకా మూడున్నాయి. నాకు రెండే, అందులో ఒకటి ఇనపది. తిను."

వేళ్ళతో చేప ముక్క చిదిపి గరాటాలోకి చెయ్యి పెట్టింది. పిల్లి వాసన చూసింది. నాకింది. తినేసింది! నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

"ఏడుపాపి ఇంకో ముక్క తే. నాకూ అన్నం ఒట్టుకురా" అంది అత్త.

రెండు వారాలకి కుట్లు తీశారు. రోజూ మూడు పూటలా అత్త దిగుతూనే ఉంది, పిల్లికి తిండి పెట్టాలి కదా మరి. ఇప్పుడు దానికి బొచ్చు మొలిచింది, మూడు కాళ్ళతోనే గోడెక్కి ఒడియా ముసలమ్మ చేపలు ఎత్తుకొస్తోంది. రేంపు మీద ఇప్పటిదాకా ఒక్క అడుగు వెయ్యలేదు. దాని పక్కనుంచి దూకుతుంది, లేదంటే దాని కింద పడుకుంటుంది.

ఆ మధ్య రెయిలింగు తుడుస్తుంటే గమనించాను. కుడిపక్క గొట్టానికి మాత్రం రబ్బరు చుట్టి ఉంది. ఎత్తు నా నడుముకి బాగా కిందికి ఉంది, పట్టుకోవాలంటే నేను ఒంగాలి. అత్త చేతి దగ్గర పెట్టిన టేపు గుర్తొచ్చింది. డ్యూటీకి బయల్దేరుతున్న ఆయన్ని ఆపి, "మిల్లు రూల్ అన్నారు కదా, ఇంత పొట్టిగా ఉందేటండీ?" అని అడిగాను.

"పిల్లి పొట్టిదే కదా" అని హెల్మెట్ పెట్టుకుని స్కూటర్ ఎక్కేశారు.

నిన్న అత్త పెరట్లోకి వెళ్తూ ఆగి, కాలితో బెల్టుని తట్టింది. "పిల్లికి నయమైపోయింది గదే. ఇంకా ఎందుకివి? తీసీ. నీ గచ్చు పాడైపోతంది."

ఆ ఉదయమే ఎర్ర పాలీషు డబ్బా చెత్త బండిలో వేసేశాను. ఆ సంగతి చెప్పలేదు.

"ఉండనీ అత్తా. పిల్లికి" అన్నాను.

అత్త నా మొహంలోకి చూసింది. "అవునవును. పిల్లికే" అని, రెయిలింగు పట్టుకుని, ఎండలోకి దిగింది.